బెంగకు ఇంగ్లీషు మాట

ఆ మంగళవారం పొద్దున కామేశ్వరి పెట్టుకున్న పని ఒక్కటే. పదకొండు గంటలకు అబ్బులు ఎస్టీడీ బూతుకు వెళ్ళి, పారాదీపుకు ఫోను చేసి, భర్తకు ఒక్క మాట చెప్పించాలి. ఆ ఒక్క మాట కోసం ఆవిడ చీకటితోనే లేచి స్నానం చేసి, నేత చీర కట్టుకుని, దేవుడి పటం ముందు నిలబడి దాన్ని పెదాల మీద పదిసార్లు తిప్పుకుంది. ఇంగ్లీషు మాట మరి. నాలుక మీంచి జారిపోయే రకం.

ఆవిడ భర్త గవర్రాజు ఆటోనగర్‌లో ఒక వర్కుషాపులో క్రేను ఫిట్టరు. ఆ వర్కుషాపు యజమాని ఉమామహేష్ పారాదీపు రేవులో క్రేన్ల మరమ్మతు పని పట్టి, నెలరోజులని చెప్పి ఆయన్ని అక్కడికి పంపి అప్పటికి ముప్పై రెండు రోజులైంది. ఇప్పుడు అక్కడివాళ్ళు ఆయన పనితనం చూసి ఇంకో ఏడాది ఉండమంటున్నారట. గురువారం సాయంత్రంలోగా కాగితం మీద సంతకం పెడితే ఏడాది. లేకపోతే వేరే ఫిట్టరును చూసుకుంటారు. ఆదివారం ఉమామహేష్ గుమ్మం ముందు స్కూటరు ఆపి, దిగకుండానే, పెద్ద శుభవార్తలా ఈ సంగతి చెప్పిపోయాడు. కామేశ్వరి చేతిలోని చేట అలాగే ఉండిపోయింది.

"వెళ్ళొస్తాను" అని ఎవరన్నా ఆవిడకు "వెళ్తాను" వరకే వినబడుతుంది. ఆవిడకు తొమ్మిదేళ్ళప్పుడు గోదావరి రేవులో పడవ ఎక్కిన అక్క, వచ్చే నెల వస్తానే అంది. ఆ నెల ఇంకా రాలేదు. అప్పటి నుంచి ఎవరు గడప దాటినా ఆవిడ వీధి మలుపు దాకా చూస్తుంది, మనిషి మలుపు తిరిగాక కూడా ఇంకాసేపు చూస్తుంది. అమలాపురం దగ్గరి నుంచి విశాఖపట్నంలోని ఈ కంచరపాలెం వచ్చి పాతికేళ్ళయినా, పట్టాల మీద రైలు కూత వినబడితే ఎవరు ఎవరిని వదిలి వెళ్తున్నారోనని గుండె ఒకసారి ఆగి కొట్టుకుంటుంది. రోజుకు యాభై రైళ్ళు పోయే చోట అది కష్టమే.

పిల్లల్లేని ఇల్లు. ముప్పై రెండు రోజుల్లో ఆయన దగ్గరి నుంచి వచ్చింది ఒకటే కార్డు. 'క్షేమం. ఇక్కడ పప్పు తియ్యగా వండుతున్నారు. బొగ్గు దుమ్ము ఎక్కువ. నీళ్ళ బిందెకు మూత పెట్టుకో.' కామేశ్వరి బడికి పోలేదు. పకోడీల పొట్లాల కాగితాలు విప్పి చదువుకుంటూ అక్షరాలు పట్టుకున్న మనిషి. ఆ కార్డును కూర్చుని చదివింది, నిలబడి చదివింది, కిటికీ వెలుతురులో పెట్టి చదివింది. బెంగ అన్న మాట ఎక్కడా కనబడలేదు.

రమ్మని అడగడం ఆవిడ వల్ల కాదు. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో ఎప్పుడూ అడగలేదు. బెంగగా ఉందని తెలియజేస్తే చాలు, ఆ తరవాత ఆయన ఇష్టం. ఉత్తరం రాస్తే చేరేసరికి గురువారం దాటిపోతుంది. ఫోను చేద్దామంటే ఆయనుండేది రేవు చివర క్రేను మీద. ఫోనుండేది ఆఫీసులో. అక్కడి గుమాస్తా, ఒక ఒరియా బాబు, మనం చెప్పింది చీటీ మీద రాసి పంపిస్తాడు. ఆయనకు ఒరియా వచ్చు, ఇంగ్లీషు వచ్చు. రెండు వారాల కిందట ఆవిడ ఒకసారి ఫోను చేసి, "బాబూ, నేనండి, గవర్రాజుగారి..." అనగానే ఆయన "రాంగ్ నంబర్" అని పెట్టేశాడు. రెండోసారి అబ్బులు ధైర్యంగా ఫోను అందుకున్నాడు. "హలో" అన్నాక అబ్బులు దగ్గరున్న ఇంగ్లీషు అయిపోయింది.

ఆ మర్నాడే కామేశ్వరి అనూరాధ టీచరు దగ్గర చేరింది. పక్క వీధి మేడ మీద, మధ్యాహ్నం మూడింటికి, ఆడవాళ్ళకు ఇంగ్లీషు చెబుతుంది ఆ అమ్మాయి. గోడకు ఒక చార్టు వేలాడుతుంటుంది. అందులో ఏడు గళ్ళు. దేన్నయినా వర్ణించాలంటే ఆ వరసలోనే చెప్పాలి: మన అభిప్రాయం, సైజు, వయసు, ఆకారం, రంగు, ఊరు, దేనితో చేశారు. స్టీలు ఊళ్ళో టీచరు కాబట్టి ఆ అమ్మాయి ఉదాహరణ స్టీలు గిన్నె. "నైస్ బిగ్ న్యూ రౌండ్ వైట్ ఇండియన్ స్టీల్ బౌల్!" అని బెత్తంతో గడి గడి తడుతూ చెప్పించేది. ఎవరి పేరు పిలిచి "డిస్క్రైబ్!" అన్నా, వాళ్ళు లేచి ఏడు మాటలూ అప్పజెప్పాలి.

ఒకరోజు ఎవరిని వాళ్ళు వర్ణించుకుని రమ్మంది. కామేశ్వరి మొదటి గడి దగ్గరే గంటసేపు ఆగిపోయింది. తన మీద తనకు అభిప్రాయమేమిటి? గడి ఖాళీగా వదలకూడదు. 'అగ్లీ' అని రాసుకోవడానికి మనసొప్పలేదు. ఎవరూ చూడకుండా 'బ్యూటిఫుల్' అని రాసింది. చివరి గడి ఇంకా కష్టమైంది. తనను దేనితో చేశారు? కట్టేది ఎప్పుడూ నేతచీరే కదా అని 'కాటన్' అని రాసింది. టీచరు నవ్వాపుకుని టిక్కు పెట్టింది.

సోమవారం క్లాసయ్యాక ఆవిడ వెనకే ఉండిపోయింది.

"అమ్మా, బెంగకి ఇంగ్లీషులో ఏమంటారు?"

"బెంగా..." అనూరాధ చార్టు వంక చూసింది. చార్టులో లేదు. "శాడ్... కాదు. లోన్లీ... అదీ కాదు. మామ్మగారూ, మనిషి మీద బెంగయితే మిస్సింగ్ అంటారు. ఐ యామ్ మిస్సింగ్ యూ."

"యూ అంటే?"

"మీరు. నువ్వు కూడాను. రెంటికీ ఒకటే."

కామేశ్వరి అక్కడ చిక్కుకుంది. రాత్రంతా ఆలోచించింది. ఆయన్ని పట్టుకుని నువ్వు అనడమా? మీరు అనే అర్థం ఉంటే ఉండొచ్చు, కాని నువ్వు కూడా దాంట్లోనే కూర్చుని ఉందిగా. పైగా ఫోన్లో వినేది గుమాస్తా బాబు. 'ఐ యామ్ మిస్సింగ్ యూ' అంటే పరాయి మగాడి మీద బెంగ పెట్టుకున్నట్టవుతుంది. కాబట్టి 'యూ' తీసేసింది. 'ఐ' అంటే ఎవరో ఆయనకు ఎలా తెలుస్తుంది? అదీ తీసేసి పేరు పెట్టింది. తెల్లారేసరికి మాట కడిగిన ముత్యంలా తయారైంది: కామేశ్వరి మిస్సింగ్.

బూతులో అబ్బులు నంబరు కలిపి ఫోను చేతికిచ్చాడు.

"హలో. గవర్రాజు ఫిట్టర్. మెసేజ్" అంది కామేశ్వరి.

"యెస్. టెల్."

"కామేశ్వరి మిస్సింగ్."

అవతల కుర్చీ కిర్రుమంది. "వాట్? మిస్సింగ్?"

"ఆయ్. మిస్సింగ్. వెరీ మిస్సింగ్."

"హూ ఈజ్ కామేశ్వరి?"

"వైఫ్."

"ఓ మై గాడ్! హౌ మెనీ డేస్?"

"థర్టీ టూ."

"థర్టీ టూ డేస్!" అన్నాడు గుమాస్తా బాబు. ఆ గొంతులోని జాలికి ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఊరు కానివాడైనా ఎంత బాగా అర్థం చేసుకున్నాడు! సొంత మనిషి ఒక్క కార్డు ముక్క రాసి ఊరుకున్నాడు.

"హూ ఈజ్ స్పీకింగ్?"

"యెస్. స్పీకింగ్ ఇంగ్లీష్" అంది వినయంగా.

"ఓకే, ఓకే. డిస్క్రైబ్! క్విక్!"

డిస్క్రైబ్ అన్న మాట చెవిన పడగానే కామేశ్వరి స్టూలు మీంచి లేచి నిలబడింది. "బ్యూటిఫుల్. స్మాల్. ఓల్డ్. రౌండ్. బ్రౌన్. గోదావరి. కాటన్." ఆయన ఒక్కో మాటా మళ్ళీ అంటూ రాసుకుంటున్నాడు, ఈవిడ గోదావరి అలవాటు చొప్పున "ఆయ్... ఆయ్..." అంటూ సరిచూస్తోంది.

"డోంట్ వర్రీ. ఐ విల్ టెల్ ఎవ్రీబడీ."

ఎవ్రీబడీ అంటే ఆవిడకు తెలుసు. ఒళ్ళంతా సిగ్గయిపోయింది. "నో నో, ఓన్లీ గవర్రాజు..." అనేలోగా అవతల పెట్టేశారు.

"దంచీసినావు మామ్మా!" అన్నాడు అబ్బులు కళ్ళు పెద్దవి చేసి. "ఏటా ఇంగిలీసు! నాకు ఒక్క ముక్క అర్తమవనేదు. పని అయినట్టేనా?"

"అయింది నాయనా. ఇంక ఆయన దయ."

బుధవారం మధ్యాహ్నం కామేశ్వరి క్లాసులో స్టీలు గిన్నెను వర్ణిస్తున్న సమయంలో ఉమామహేష్ స్కూటరు మీద వచ్చి ఆవిడ ఇంటికి తాళం చూశాడు. పారాదీపు నుంచి ఆయనకు అప్పటికే ఫోనొచ్చింది, వాళ్ళు చెప్పిన ఆనవాళ్ళు ఇంగ్లీషులోనే చీటీ మీద రాసుకున్నాడు. పక్కిళ్ళవాళ్ళు మధ్యాహ్నం నిద్రలో ఉన్నారు. ఆయన ఎవరినీ లేపలేదు. తాళం కంటే సాక్ష్యమేముందనుకుని, ఆదివారం తనే ఆవిడతో మాట్లాడిన సంగతి కంగారులో మరచి, గాజువాకలో కేబుల్ టీవీ నడిపే బావమరిది దగ్గరికి పరుగెత్తాడు. ఆ బావమరిది ఇంగ్లీషు చీటీని నిఘంటువు పక్కన పెట్టుకుని శ్రద్ధగా తెలుగు చేశాడు. సాయంత్రానికల్లా గాజువాక టీవీలన్నింట్లో సినిమా కింద అక్షరాలు పాకాయి: ముప్పై రెండు రోజులుగా కనబడుటలేదు. కామేశ్వరి. అందమైన, చిన్న, పాత, గుండ్రని, గోధుమరంగు, గోదావరి, నూలు.

కంచరపాలెం కేబుల్ వేరు. అక్కడ ఏమీ పాకలేదు.

ఈ కబురు కామేశ్వరికి చేపల పోతమ్మ తెచ్చింది. జాలరిపేట నుంచి గంప నెత్తిన పెట్టుకుని వచ్చి, ఇరవై ఏళ్ళుగా ఆ గుమ్మంలో కూర్చుని ఆకు నమిలే మనిషి. ఆ చీకటివేళ ఆమె గాజువాకలో ఉండే కూతురి దగ్గరి నుంచే వస్తోంది.

"ఇన్నావా మామ్మా? ఎవులో ముసిల్ది తప్పిపోనాదట. ముప్పై రెండు రోజులయిందట. మా గుంటది టీవీలో సూసింది."

"అయ్యో! ఎవరే?"

"పేరేటో సెప్పింది, నాకు గుర్తు నేదు. ఏదో అమ్మోరి పేరే. మీ గోదారి మనిసేనట. ముసిల్ది అని రాయకుండా పాతది అని రాసినారట. పాత కత్తిపీటేటి మామ్మా? సిన్నగా, గుండ్రంగా ఉంటాదట. గోదుమ రంగట. నూలుదట."

"నూలుదేమిటే?"

"నాకేటి తెల్సు? టీవీవోలు సెప్పినారు."

కామేశ్వరికి ఆ వరస ఎక్కడో విన్నట్టే అనిపించింది. "ఇంకా ఏమన్నారు?"

"అందగత్తెట."

"అయితే నాకు తెలిసినవాళ్ళెవరూ కాదు" అని నిట్టూర్చింది. ఆ రాత్రి ముద్ద దిగలేదు. ముప్పై రెండు రోజులు. తనకులాగే. కాకపోతే తనది ఇంట్లో కూర్చుని ఎదురు చూడడం, ఆవిడది ఎక్కడో దారి తెలియక తిరగడం.

గురువారం పొద్దున ఎనిమిదింటికే బూతుకు వెళ్ళింది. "ఏటీ రానేదు మామ్మా" అన్నాడు అబ్బులు. సాయంత్రానికి సంతకం. తన బెంగ ఆయనకు చేరింది, గుమాస్తా బాబు అంత జాలిపడి చెప్పి ఉంటాడు, అయినా ఒక్క ముక్క జవాబు లేదు. అంటే ఉండిపోతారన్నమాటే. ఇంటికి వెళ్ళి ఆ నాలుగు గోడల మధ్య సాయంత్రం దాకా కూర్చోవడం ఆవిడకు చేతకాలేదు. అప్పుడే పోతమ్మ ఎదురైంది.

"పోతమ్మా, ఆ తప్పిపోయినావిడ దొరికిందా?"

"నేదు. ఇసాపట్నంలో తప్పిపోయినోలు ఆకరికి సముద్రం కాడికే వొత్తారు మామ్మా. మా పేటోలకి సెప్పినాను సూస్తుండమని."

"పద, నేనూ వస్తాను. ఇద్దరం చూద్దాం."

జాలరిపేట ఒడ్డున తెప్పలు లాగిపెట్టి ఉన్నాయి. వలలు బాగుచేసుకుంటున్న వాళ్ళనూ, చేపలు ఎండబెడుతున్న ఆడవాళ్ళనూ కామేశ్వరి ఒక్కొక్కరినీ ఆపి అడిగింది. "తల్లీ, గోదావరి ఆవిడ, కాస్త పెద్దావిడ, పొట్టిగా గుండ్రంగా, చామనఛాయగా ఉంటుందట. కనబడిందా?"

వల ముడి వేస్తున్న ముసలాయన ఆవిడను కిందకీ మీదకీ చూశాడు. "నువ్వు కాదు కదేటి?"

"నేనెందుకవుతాను నాయనా? ఆవిడ అందగత్తెట."

"అయితే సూడనేదు" అన్నాడాయన, మళ్ళీ వలలోకి వంగి.

ఎండ ముదిరింది. పోతమ్మ బేరానికి వెళ్తే, కామేశ్వరి ఒక తెప్ప నీడలో కూలబడి నీళ్ళకేసి చూసింది. అవతల ఒక ఓడ, రేవులోకి వస్తోందో రేవులోంచి పోతోందో తెలియకుండా నిలబడి ఉంది. ఆవిడకు ఆ కనబడని మనిషితో మాట్లాడాలనిపించింది. "ఎక్కడున్నావోగాని ఇంటికి పోవే తల్లీ" అంది పైకే. "నీకోసం టీవీలో వేయించి వెతికేవాళ్ళున్నారు. అందరికీ ఉండరు."

"కామేశ్వరీ!"

వెనక్కి తిరిగింది. చేతిలో రెగ్జిన్ సంచీ, మాసిన గడ్డం, చొక్కా నిండా రైలు మసి. గవర్రాజు.

"ఇంటికి తాళం. అబ్బులు ఇటొచ్చావన్నాడు. ఎండలో ఇక్కడేం చేస్తన్నావే?"

ఆవిడ అడగాల్సినవన్నీ మరచిపోయి, చేస్తున్న పని చెప్పింది. "ఎవరో పాపం తప్పిపోయారటండి. వెతుకుతున్నాను."

"ఎవరు?"

"తెలీదండి. గోదారావిడటండి. అందగత్తెట."

గవర్రాజు జేబులోంచి నలిగిన చీటీ తీసి ఇచ్చాడు. ఆవిడ వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంది. పేరు దాటింది. మిస్సింగ్ దాటింది. బ్యూటిఫుల్ దగ్గర వేలు ఆగింది. స్మాల్, ఓల్డ్ దాటి కాటన్ దాకా వచ్చేసరికి చెవులు వేడెక్కిపోయాయి.

అప్పటికి పోతమ్మ వచ్చి భుజం మీంచి తొంగి చూసి, సంగతి విని, గంప దింపేసింది. "నిన్ను నువ్వే ఎతుక్కుంతన్నావేటి మామ్మా! పొద్దున్నించీ నన్ను తిప్పినావు కదే, నా సేపలు ఎండిపోనాయి!"

కామేశ్వరి మొహం కొంగులో దాచుకుంది. "అయ్యో, ఎంత కంగారుపడి వచ్చారో! రాత్రంతా రైల్లో ప్రాణం ఎంత కొట్టుకుందో మీకు. నా పాడు ఇంగ్లీషు!"

గవర్రాజు బొటనవేలితో ఇసుకలో గీత గీశాడు. దాన్ని చెరిపాడు. "కొట్టుకోలేదు" అన్నాడు.

"ఆయ్?"

"నువ్వు తప్పిపోలేదని నాకు తెలుసు. ఫోను చేసినావిడ మాట మాటకీ ఆయ్ ఆయ్ అన్నదని బాబు చెప్పాడు. తప్పిపోయిన మనిషి బూతుకెళ్ళి తన ఆనవాళ్ళు తనే చెప్పుకుంటదేంటే?"

"తెలిసి కూడా..."

"పది రోజుల కిందటే సెలవడిగాను. కారణం ఇంగ్లీషులో రాయాలన్నారు. బెంగ అన్నాను. బాబుకి అర్థం కాలేదు. ఇదిగో, ఇక్కడ అని గుండె మీద చెయ్యేసి చూపించాను. ఆసుపత్రికి పంపించారు. గ్యాస్ అని మాత్రలిచ్చారు." ఆయన సముద్రం వైపు తిరిగాడు. "అవి ఇంకా సంచీలోనే ఉన్నాయి. మొన్న నీ చీటీ వచ్చింది. బాబు వణికిపోతా చదివి చెప్పాడు. నేను తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. ఏడవడానికి పెద్దగా కష్టపడక్కర్లేకపోయింది."

కామేశ్వరి నెమ్మదిగా అడిగింది. "మరి ఆ సంతకం?"

"సాయంత్రంలోగా కదా. అక్కడ కాగితం ఉంటది, నేనుండను. రేపటికి ఇంకో ఫిట్టరును చూసుకుంటారు. నాకు మిగిలింది నాలుగు రోజుల పని. వెళ్ళి చేసేసి వచ్చేస్తాను."

"ఎప్పుడు వెళ్ళాలి?" అంది ఆవిడ, సంచీకేసి చూస్తూ.

"దొరికేదాకా ఉండమన్నారు. పది రోజులకి మించకుండా."

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. కామేశ్వరి తల దించుకుంది. "దొరికేశాను కదండీ" అంది, పెద్ద తప్పు చేసినదానిలా.

పోతమ్మ గంప మళ్ళీ నెత్తికెత్తుకుంది. "ఎవులికి దొరికినావు? నానేటీ సూడనేదు. మా ఇంటి ఎనకాల గది కాళీగా ఉన్నాది. సముద్రం హోరుకి నిద్ర పట్టదు, అంతే. మీ ఓనరుబాబుకి ఫోను సేసి సెప్పు అన్నియ్యా, నువ్వే ఎతుక్కుంతావని, ఆయన తిరగక్కర్నేదని."

గవర్రాజు భార్య వంక చూశాడు. ఆవిడ చీటీని నాలుగు మడతలు పెట్టి కొంగున ముడేసుకుంది. ఆయన సంచీ పోతమ్మ గుమ్మంలో దింపి, ఫోను బూతు ఎక్కడుందో అడిగి బయలుదేరాడు.

కామేశ్వరి దొరకడానికి ఇంకో తొమ్మిది రోజులు పట్టింది.